ఒక్కపొద్దు, గుండె నరాల ఫోటో

ఏటా ఒకసారి మా బస్సు డిపోలో డ్రైవర్లకు వైద్య పరీక్ష ఉంటుంది. కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, రక్తం తీసుకుంటారు, నాడి పట్టుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు పట్టినవాణ్ణి, అందులో పదకొండేళ్ళుగా షుగరు ఉన్నవాణ్ణి. పరీక్ష రోజు కళ్ళు గట్టెక్కితే చాలనుకునేవాణ్ణి. డ్రైవరుకు కళ్ళు, కాళ్ళు, చేతులు బాగుండాలి, గుండె ఎవరికైనా ఒకటే అని నా లెక్క.

ఆ ఏడు నాడి పట్టుకున్న డాక్టరు చెయ్యి వదల్లేదు. గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాడు. మళ్ళీ ఇంకో నిమిషం లెక్కపెట్టాడు.

“మెట్లెక్కి వచ్చినావా?” అన్నాడు.

“లేద్సార్. అరగంట నుంచి ఈ బెంచీ మీదనే కూసోనుండా.”

“కూసున్నోనికి నూటనాలుగు కొట్టుకుంటాండాదే, ఏం కత?”

“నన్నడిగితే ఎట్ల సార్? డాక్టరు మీరు కదా” అన్నాను. నా నోరు అట్లాంటిది. ఈ నోటి వల్ల నాకు స్నేహితులకంటే విరోధులే ఎక్కువ.

ఆయన నవ్వలేదు. పడుకోబెట్టి రక్తపోటు చూశాడు, నిలబెట్టి చూశాడు. ఛాతీకి వైర్లు అంటించి, ఒక నిమిషం పాటు గాలి బాగా లోపలికి పీల్చి వదలమన్నాడు. ఊపిరితోపాటు గుండె వేగం పెరిగి తగ్గాలట. నాది పెరిగీ పెరగనట్టు, తగ్గీ తగ్గనట్టు ఉందట. “బాగుందని రాయలేను, చెడిందని రాయలేను. షుగరు వల్ల గుండె నరాలు దెబ్బతింటాండాయేమో అని అనుమానం. బెంగుళూరులో ఆ నరాల్నే ఫోటో తీసే మిషను ఉండాది. రిపోర్టు వచ్చేదాకా బండి ఎక్కొద్దు” అన్నాడు.

చివరి మాట తప్ప మిగతా ఏదీ నా చెవికెక్కలేదు. బండి దిగిన డ్రైవర్ల గతి ఏమవుతుందో నేను చూశాను. గ్యారేజీలో టైర్ల పక్కన కుర్చీ వేస్తారు. రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ “ఏమన్నా, బాగుండావా” అని జాలిగా పలకరిస్తారు. నాకు జాలి అంటే ఒళ్ళు మంట. కళ్యాణదుర్గం నుంచి కంబదూరు మీదుగా లోపలి పల్లెలకు తిరిగే బండి నాది. ఏ గుంత ఎక్కడుందో నాకు తెలుసు, ఏ స్టాపులో ఏ అవ్వ ఎన్ని మూటలతో ఎక్కుతుందో తెలుసు. ఇంకో పని నాకు రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, “నువ్వు నాలుగు దినాలు ఇంట్లో ఉంటావనే నాకు భయంగా ఉండాది” అంది.

ఇక్కడ నా శనివారం ఒక్కపొద్దు గురించి చెప్పాలి. ఆంజనేయస్వామికి మొక్కుకుని పదిహేనేళ్ళ కింద మొదలుపెట్టాను. శనివారం పగలంతా ఏమీ తినను. దీపాలు పెట్టే వేళకు స్నానం చేసి, దండం పెట్టుకుని ఒకే పూట తింటాను. నీళ్ళు తాగొచ్చు, టీ తాగొచ్చు. మందుకు కూడా పట్టింపు లేదు, మందు తిండి కాదు కదా. అందుకని షుగరు వచ్చాక కూడా శనివారం పొద్దున బిళ్ళ మానలేదు. నీళ్ళతో బిళ్ళ మింగి బండి ఎక్కేవాణ్ణి. బిళ్ళా తప్పలేదు, వ్రతమూ తప్పలేదు అని నా మనసుకు తృప్తిగా ఉండేది. మా డిపోలో ఒక్కపొద్దు ఉండే షుగరు మనుషులు ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళదీ ఇదే పద్ధతి.

షుగరు వచ్చిన మొదటి ఏళ్ళలో శనివారం మధ్యాహ్నానికి నా చేతులు వణికేవి. చొక్కా తడిసేది, గుండె దడదడలాడేది. పళ్ళ బిగువున సాయంత్రం దాకా ఈడ్చేవాణ్ణి. ఆ తర్వాత తర్వాత ఆ బాధ తగ్గింది. వణుకు పోయింది, చెమట పోయింది, ఆకలి కూడా తెలిసేది కాదు. మిగతా ముగ్గురూ మధ్యాహ్నానికి వేలాడిపోయి అరటిపండు తినేసేవాళ్ళు. నేను మాత్రం నిక్కచ్చిగా నిలిచేవాణ్ణి. స్వామి నా మొక్కు అందుకున్నాడని నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది, వాళ్ళ ముందు గొప్పలు కూడా పోయాను. “భక్తి ఉండల్లప్పా, వట్టి కడుపు మాడ్చుకుంటే రాదు” అని ఎన్నిసార్లు అన్నానో.

మా ఆవిడకు ఈ వ్రతాలు పడవు. “నా కడుపు మాడితే స్వామికేం లాభం?” అంటుంది. మళ్ళీ నా సాయంత్రం వంట మాత్రం మడికట్టుకుని చేస్తుంది.

బెంగుళూరు ఆసుపత్రికి మొదటిసారి పోయినప్పుడు డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆమె తెలుగులో సగం కన్నడం. గుండెకు వేగం పెంచమని చెప్పే నరాలు కొన్ని ఉంటాయట. షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ నరాల కొసలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయట. నొప్పి ఉండదు. మామూలు పరీక్షల్లో కనబడేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. అందుకని నరాల కొసల్లోకి పోయి కూర్చునే ఒక మందును సూదితో ఎక్కిస్తారు. ఆ మందు కొంచెంగా కిరణాలు విడుస్తుంది. కెమెరా వాటిని పట్టుకుంటుంది. నరం బతికి ఉన్నచోట వెలుగు కనబడుతుంది, పోయినచోట మసక. సూది వేసిన కాసేపటికి ఒక ఫోటో, నాలుగు గంటలు ఆగి ఇంకో ఫోటో. బాగున్న నరం మందును పట్టుకుని ఉంచుకుంటుంది, దెబ్బతిన్న నరం త్వరగా వదిలేస్తుంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తారు.

గొంతులోని గ్రంథికి ఏమీ కాకుండా ముందురోజు నుంచే తాగడానికి చుక్కల మందు ఇచ్చింది. నేను వాడే బిళ్ళలన్నీ చూసి రాసుకుంది. “పొద్దున ఇడ్లీ తిని, షుగరు బిళ్ళ వేసుకుని రండి. మొదటి ఫోటో అయినాక మళ్ళా ఏమన్నా తినండి. ఖాళీ కడుపుతో ఉండొద్దు” అని రెండుసార్లు చెప్పింది. మా ఆవిడ తలూపింది, నేనూ తలూపాను.

ఫోటో బుధవారం పడింది. మంగళవారం నేను మనసులో ఒక మాట అనుకున్నాను. స్వామీ, రేపు నీకు ఒక్కపొద్దు ఉంటాను, ఫోటో బాగా రావాలి, నా స్టీరింగు నాకు దక్కాలి. శనివారం కాకపోయినా మొక్కు మొక్కే. ఇంట్లో చెబితే గొడవ అని చెప్పలేదు. పొద్దున టిఫిను సెంటరుకు నేనొక్కణ్ణే పోయి, టీ తాగి వచ్చి, ఇడ్లీ తిన్నానన్నాను. బిళ్ళ మాత్రం ఆమె కళ్ళ ముందే మింగాను.

కెమెరా గదిలో ఉన్న అమ్మాయి హిందూపురం దిక్కు మనిషి. మాట విని, “అన్నా, మీది అనంతపురం సైడా?” అని పలకరించింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. సూది వేసింది. కాసేపటికి బల్ల మీద పడుకోబెట్టి చేతులు తల పైకి పెట్టుకోమంది. కెమెరా పలక ఛాతీ మీదికి దగ్గరగా వచ్చి ఆగింది. చప్పుడు లేదు, నొప్పి లేదు. బస్సు ఇంజను ఆపి రైలు గేటు దగ్గర ఎదురుచూసినట్టు కదలకుండా పడుకున్నాను. అది అయ్యాక నాలుగు గంటలు ఆగి రమ్మంది. మా ఆవిడతో, “అక్కా, అన్న ఒంట్లో మందు ఉండాది, కొంచెం ఎడంగా కూసో” అంది.

“ఇన్నేండ్లకు ఈ మాట చెప్పేటోళ్ళు దొరికినారు” అంటూ మా ఆవిడ ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది. మూత తీసి ఇవ్వబోతే, “ఇందాక నువ్వు బాత్రూముకు పోయినప్పుడు క్యాంటీన్లో బన్ను తిన్యా, ఇప్పుడొద్దు” అన్నాను. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది సులువు. ఆమె మూత పెట్టేసింది.

ఆ తర్వాతిది నాకు తెలిసినట్టు చెబుతాను, ఆమెకు తెలిసినట్టు చెబుతాను. నాకు తెలిసింది ఇంతే: ఒళ్ళు తేలికగా ఉంది, మనసు ప్రశాంతంగా ఉంది, మొక్కు ఫలిస్తోందని అనిపించింది. ఆ తర్వాత చూస్తే నేను మంచం మీద ఉన్నాను. చేతికి సెలైను ఉంది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

ఆమె చూసింది వేరు. నేను కుర్చీలో కూర్చుని ఎదురుగోడను చూస్తూ ఉన్నానట. ఏదో అడిగితే సంబంధం లేని జవాబు చెప్పానట. కాసేపటికి నా కుడికాలు నేల మీద తొక్కడం మొదలుపెట్టిందట, ఎడమచెయ్యి కుర్చీ పక్కన గాలిలో గేరు మారుస్తోందట. పిలిస్తే పలకలేదు. ఎడంగా కూర్చోమన్న మాట మరిచిపోయి వచ్చి నుదురు పట్టుకుంది. పొడిగా ఉంది, చెమట చుక్క లేదు. అప్పుడు కేక వేసింది. నర్సు వచ్చి వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై దగ్గర ఉంది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. తేరుకున్నాక అడిగింది. “చెమటలు పట్టినాయా? చేతులు వణికినాయా? గుండె దడ వచ్చిందా?”

“ఏమీ లేదు మేడం” అన్నాను. ఆ స్థితిలో కూడా నా గొంతులో ఒక గర్వం ఉంది, అది నాకు ఇప్పటికీ గుర్తుంది. “ఒక్కపొద్దు నాకు అలవాటే. ఏండ్ల నుంచి శనివారాలు ఉంటా. అందరికి మాదిరి నాకు వణుకూ గిణుకూ రాదు.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “అది అలవాటు కాదు” అంది. “షుగరు పడిపోయినప్పుడు ఒళ్ళు గోల చెయ్యాలి. చెమట, వణుకు, దడ, అదే ఆ గోల. తినమని చెప్పడానికి. బిళ్ళ వేసుకుని తినకుండా వారం వారం షుగరు పడగొట్టుకుంటే ఒళ్ళు గోల చెయ్యడం మానేస్తుంది. నరాలు దెబ్బతిన్నా మానేస్తుంది. మీకు రెండూ జరిగినట్టుంది.”

మా ఆవిడ నా వైపు చూసింది. “బన్ను తిన్యానంటివే” అంది, అంతే. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

అప్పుడు డాక్టరమ్మ ఇంకొక ప్రశ్న అడిగింది. “బండి నడిపేటప్పుడు ఎప్పుడైనా ఇట్లా అయిందా? బాగా ఆలోచించి చెప్పండి.”

ఆలోచించాల్సిన పని లేదు. ఆ మాట వినగానే నా కళ్ళ ముందుకు ఒక శనివారం వచ్చి నిలబడింది. వైద్య పరీక్షకు నాలుగు నెలల ముందు, మధ్యాహ్నం ట్రిప్పు. వాన కోసం చూసి చూసి జనం దున్నిన చేన్లు అట్లే వదిలి బెంగుళూరు పనులకు పోతున్న రోజులు. బండి నిండుగా ఉంది. ఒక పల్లెలో దిగాల్సినవాళ్ళు పదిమంది ఉన్నారట, బండి ఆగలేదు. తర్వాతి పల్లెలోనూ ఆగలేదు. నాకు గుర్తున్నదల్లా ఎవరో నా భుజం పట్టి ఊపడం, నేను బ్రేకు తొక్కడం, ఎదురుగా రోడ్డు దాటుతున్న గొర్రెల మంద. కాపరి చేతికర్ర అడ్డం పెట్టి నన్నే చూస్తున్నాడు. బండికీ అతనికీ మధ్య ఒక బారెడు దూరం కూడా లేదు.

భుజం పట్టి ఊపింది మా కండక్టరు. భర్త పోయాక ఆయన ఉద్యోగంలో చేరిన మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నది. తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. చక్కెర టీ. అది తాగాక నేను మామూలు మనిషినయ్యాను. జనం తిడుతున్నారు. నేను తగ్గుతానా? “ఈమె హోల్డాన్ అంటే కదా నేను ఆపేది? బండి తోలల్లా, ఎనక్కి తిరిగి చూస్తా కూసోవల్లా?” అని అరిచాను. జనం ఆమె మీద పడ్డారు. ఎవరో డిపోకు ఫిర్యాదు రాశారు. నన్ను పిలిచి అడిగితే, కండక్టరు బెల్లు కొట్టలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. ఇకపై జాగ్రత్తగా ఉంటానని రాసిచ్చి ఆమె ఊరుకుంది.

రాసినప్పుడు అది నిజమనే అనుకున్నాను. నాకు వినబడలేదు కాబట్టి ఆమె కొట్టలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే జాతి నాది. రెండు రోజుల తర్వాత అనుమానం వచ్చింది. రెండు స్టాపుల మధ్య మూడు కిలోమీటర్ల రోడ్డు నాకు ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాలేదు. ఆమెను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు.

“లేదు మేడం” అన్నాను. “బండిలో ఎప్పుడూ కాలేదు.”

డాక్టరమ్మ రాసుకుంది.

సాయంత్రం రెండో ఫోటో తీశారు. డాక్టరమ్మ తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. గుండె చుట్టూ వెలుగు ఒక లాడం ఆకారంలో ఉంది. మొదటి ఫోటోలో కింది అంచు కొంచెం పలచగా ఉంది. రెండోదాంట్లో ఆ అంచు దాదాపు కనబడలేదు. “ఇక్కడ నరాలు మందును పట్టుకోలేకపోతున్నాయి. షుగరులో మొదట పోయేది ఇదే చోటు” అంది. గుండె కండరం బాగుందట, రక్తం పంపడం బాగుందట. పైన పటారం, లోన లొటారం అంటారే, నాది అట్లా కూడా కాదు, లోపల కూడా ఒక అంచే పోయింది. తొలిదశలోనే పట్టుబడింది కాబట్టి దెబ్బను ఇక్కడితో నిలిపే వీలుందని చెప్పింది. షుగరు బిళ్ళ మార్చింది. ఒక్కపొద్దులు వద్దంది. షుగరు పడిపోకుండా కొన్ని వారాలు కాచుకుంటే ఒంటి గోల కొంతైనా తిరిగి రావచ్చంది.

ఉత్తరం రాసి కవరులో పెట్టి ఇచ్చింది. నరాల దెబ్బ తొలిదశ. ఈ రోజు ఆసుపత్రిలో ఉపవాసం వల్ల షుగరు పడిపోయింది. వాహనం నడిపేటప్పుడు ఇలా ఎప్పుడూ జరగలేదని రోగి చెప్పారు. మందు మార్చాం. వేళకు తిని, ఎక్కేముందు షుగరు చూసుకుంటే నడపవచ్చునేమో డిపో వైద్యులు నిర్ణయించాలి.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, అరగంటకోసారి నా నుదురు ముట్టుకుని చూసింది. “చెమట పట్టిందా?” అని నవ్వులాటకు అడిగాను. “పట్టలేదనే భయం” అంది. బెంగుళూరు నుంచి ఇంటి దాకా ఆ బస్సు డ్రైవరు వీపునే చూస్తూ వచ్చాను. అతను పొద్దున ఏం తిన్నాడో బండిలో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు. టికెట్టు తీసుకుని నిద్రపోతారు.

వారం తర్వాత డిపో డాక్టరు ఉత్తరం చదివి, మూడు రోజులు నా షుగరు చూసి, సరేనని సంతకం పెట్టాడు. ఆ కాగితం మేనేజరుకు ఇచ్చి డ్యూటీ వేయించుకోవడమే మిగిలింది. మేనేజరు గది ముందు బెంచీ మీద మా కండక్టరు కూర్చుని ఉంది, సెలవు కాగితం పట్టుకుని. నన్ను చూసి లేచింది.

“ఏమన్నా, ఫోటో బాగొచ్చిందంట కదా” అంది. “నాకు శానా భయమేసింది. నీకేమీ కాకూడదని ఆదివారం మా చర్చిలో చీటీ రాసిచ్చి ప్రార్థన చేయించినా. అక్కకు చెప్పు.”

నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. ఈమె నా గురించి చీటీ రాసిచ్చింది. ఈమె గురించి నేను రాసిచ్చిన కాగితం ఈ గదిలోనే బీరువాలో ఉంది. “చెప్తాలేమ్మా” అని లోపలికి పోయాను.

మేనేజరు కాగితం చదివి సంతోషించాడు. డ్రైవర్లు చాలక ట్రిప్పులు రద్దు చేస్తున్న రోజులవి. “మంచిదప్పా. సోమవారం నుంచి నీ బండి నువ్వే ఎక్కు. తిండి మాత్రం మానాకు” అని స్టాంపు తీశాడు.

“సార్, ఆగండి” అన్నాను. “ఆ శనివారం కండక్టరమ్మ మీద రాసిచ్చినా కదా. అది తప్పు. ఆమె బెల్లు కొట్టే ఉంటాది, హోల్డాన్ అని అరిచే ఉంటాది. నాకు ఇనపల్లేదు. ఆ మెమో తీసేయండి.”

“ఇనపల్లేదంటే? చెవులు బాగుండాయని రాసినారే ఈడ.”

“చెవులు బాగుండాయి సార్. ఆ మూడు కిలోమీటర్లు నాకు యాదిలేదు. ఆ మూడు కిలోమీటర్లు బండి తోలింది నేను కాదు.”

ఆయన స్టాంపు పట్టుకున్న చెయ్యి ఆగింది.

“మరి యెవరు తోలినారప్పా?”

“యెవురూ లేరు సార్” అన్నాను.